ఇరవై నాలుగో పీలిక – పదకొండో వారం

ఎక్కడ ఆగామో ముందు చెప్పుకుందాం. పైన మా ఆయనతో కలిపి ముగ్గురున్నారు. నూట తొమ్మిది రోజులుగా భూమి చుట్టూ తిరుగుతున్నారు. ఇవాళ మధ్యాహ్నం రెండింటికి దిగాలి. దిగేటప్పుడు నౌక మీద మూడు పెద్ద గొడుగులు విచ్చుకోవాలి. పారాచూట్లని మా హాల్లో అందరం గొడుగులనే అంటాం, మడతపెట్టి సంచిలో కుక్కాక మూటలంటాం. ఆ మూడు మూటలూ పధ్నాలుగు నెలల క్రితం కట్టింది మా ఆడపడుచు. పక్కన నిలబడి మెట్టు మెట్టూ చదివి టిక్కులు పెట్టింది నేను. కట్టేటప్పుడు మడతలు జారిపోకుండా ఒక్కో మూటకి ఎనిమిది ఎర్ర పీలికలు కడతాం. సంచి మూసేముందు వాటిని లాగేసి, లెక్కపెట్టి, రేకు డబ్బాలో వేసి సీలు వేస్తాం. నిన్న స్టోర్ కీపర్ ఆ డబ్బా విప్పితే ఇరవై నాలుగు ఉండాల్సినచోట ఇరవై మూడే ఉన్నాయి. ఒక పీలిక పైన ఉండిపోయింది. ఏ మూటలో ఉందో ఎవరికీ తెలియదు.

"ఆమె 'అయింది' అన్నాకే టిక్కు పెట్టాను" అని నిన్న విచారణలో చెప్పి సంతకం చేశాను. మా ఆడపడుచు కూడా "నోటితో అయింది అనే అన్నాను" అని చెప్పిందట. ఇద్దరం అబద్ధమే చెప్పాం. కూడబలుక్కుని చెప్పామనుకునేరు. మాకు మాటలు లేక పదహారు నెలలైంది. ఇవాళ పొద్దున పెద్దాయన, ఆ రోజు టేపు దొరికింది, ఇద్దరూ రండి అని కబురు పెట్టాడు.

పెద్దాయన అంటే మా గొడుగుల హాలుకి పెద్ద. ముప్పై ఏళ్ళు మూటలు కట్టి వేళ్ళు వంకర్లు పోయిన మనిషి. మా ఇద్దరికీ పని నేర్పింది ఆయనే. నేను వెళ్ళేసరికి మా ఆడపడుచు కిటికీ దగ్గర స్టూలు మీద కూర్చునుంది. నన్ను చూసి బయటికి చూడటం మొదలుపెట్టింది. నేను తలుపు పక్కన కుర్చీ లాక్కున్నాను. ఇంకో కుర్చీ ఖాళీగానే ఉన్నా ఫ్లైట్ డైరెక్టర్ కూర్చోలేదు. మాకంటే ఎనిమిదేళ్ళు చిన్నది ఆవిడ. నౌక పైన ఉన్నన్నాళ్ళూ ఆవిడ కూర్చోగా చూసినవాళ్ళు లేరు.

"టైము పదీ పది" అంది ఆవిడ. "పదకొండూ ఇరవైకి నౌక మన తల మీదికొస్తుంది. తొమ్మిది నిమిషాలు మాట్లాడగలం. తర్వాత మళ్ళీ పన్నెండూ యాభైకి. అప్పటికి వాళ్ళు బ్రేకు వేసే పనిలో ఉంటారు, చేతులు ఖాళీ ఉండవు. కాబట్టి ఏది చేసినా ఇప్పుడే. నాకు తెలియాల్సింది ఒక్కటే, ఏ మూట? తప్పెవరిదో తర్వాత తేల్చుకుందాం."

"రెండు విచ్చుకుంటే చాలు" అన్నాడు పెద్దాయన, నాకు తెలియనట్టు. పాపం, ధైర్యం చెబుదామని. "కాస్త గట్టిగా తగులుతుంది. నడుములు పట్టేస్తాయి. అంతే."

"పీలిక ఉన్న మూట బయటికి రాకపోతే కదండీ" అంది డైరెక్టర్. "వచ్చిందంటే సగం విచ్చుకుని పక్కవాటికి చుట్టుకుంటుంది. దాన్ని సంచిలోంచే కదలనివ్వకూడదు. క్యాబిన్లో మూడు మీటలున్నాయి, మూటకొకటి. మీట లాగితే ఆ మూటని విప్పే తీగ తెగిపోతుంది. తెగిన తీగ అతకదు. పొరపాటున మంచి మూట తీగ తెంచామనుకోండి, మిగిలేది ఒక మంచిదీ ఒక చెడ్డదీ."

ఆ తర్వాతి మాట ఆవిడ అనలేదు. నిన్నటినుంచి నేను ఆ తర్వాతి మాట ఒక్కటే అనుకుంటున్నాను. స్నానం చేస్తూ అనుకున్నాను, పాపకి జడ వేస్తూ అనుకున్నాను. నాన్న ఇవాళ వచ్చేస్తాడుగా అని అది అద్దంలోంచి అడిగితే జడ గట్టిగా లాగేశాను.

పెద్దాయన టేపు పెట్టాడు.

ఇక్కడ మా పని పద్ధతి చెప్పాలి. మూట దగ్గర ఇద్దరుంటారు. ఒకరు నోరు, ఒకరు చెయ్యి. నోరు మెట్టు చదువుతుంది. చెయ్యి ఆ పని చేసి "అయింది" అంటుంది. అది విన్నాక నోరు టిక్కు పెడుతుంది. తలూపితే చాలదు, ఊ అంటే చాలదు, సరే అంటే అసలు చాలదు. సరే అంటే విన్నానని అర్థమో, చేశానని అర్థమో దేవుడికే తెలియాలి. అందుకే మా హాల్లో గోడ మీద అరచేతి ఎత్తు అక్షరాలతో రాసుంటుంది: 'అయింది' అని వినందే టిక్కు పెట్టరాదు. ఆ బోర్డు కిందే పదకొండేళ్ళు నిలబడి చదివాను నేను.

టేపులో నా గొంతు వచ్చింది. పధ్నాలుగు నెలల క్రితం గొంతు, ముక్కు పుటాలు అదురుతున్న గొంతు. "మొదటిది. ముప్పై ఎనిమిదో మెట్టు. తాళ్ళు సరిచూడాలి." కాసేపు నిశ్శబ్దం. తర్వాత బల్ల మీద టక్ అని ఒక చప్పుడు. "ముప్పై తొమ్మిదో మెట్టు" అంది నా గొంతు.

డైరెక్టర్ చెయ్యెత్తింది. పెద్దాయన ఆపాడు.

"ఆ చప్పుడేంటి?"

గుమ్మడికాయల దొంగంటే భుజాలు తడుముకున్నట్టు, నా చూపు దానంతటదే మా ఆడపడుచు చేతుల మీదికి పోయింది. ఎడమచేతికి ఆమె ఇత్తడి ఉంగరం పెట్టుకుంటుంది. మూట కట్టే బల్ల మీద ఆ ఉంగరంతో కొడితే సరిగ్గా అలాగే మోగుతుంది.

"'అయింది' అన్న మాట ఎక్కడ?" అంది డైరెక్టర్. "ఇది రెండోసారి వింటున్నాను. నిన్న మీ ఇద్దరి సంతకాలూ చూశాను. ఆ మాట ఎక్కడుంది ఇందులో?"

"లేదు మేడమ్" అన్నాను. "ఐదు గంటల టేపు మొత్తం వినండి, ఎక్కడా ఉండదు. ఆ రోజు ఆమె నాతో మాట్లాడలేదు. పని అయ్యాక బల్ల మీద కొట్టేది. నేను టిక్కు పెట్టేదాన్ని. నిన్న చెప్పింది అబద్ధం."

చెప్పేశాక నాకు భయం వేస్తుందనుకున్నాను. వెయ్యలేదు. ఉద్యోగం ఉంటుందో ఊడుతుందో ఆ క్షణంలో నాకు చీపురుపుల్లతో సమానం. ఇంతకాలం పిల్లి కళ్ళు మూసుకుని పాలు తాగినట్టు బతికాను, ఎవరో వచ్చి దీపం వేశారు, అంతే.

"మాట్లాడకపోవడమేంటి?" డైరెక్టర్‌కి నిజంగానే అర్థం కాలేదు. "మూడు ప్రాణాల మూట కడుతూ?"

"వదినా ఆడపడుచుల సంగతి మీకు తెలీదమ్మా" అన్నాడు పెద్దాయన నెమ్మదిగా.

సంగతి ఇది. ఆమె నాకు ఆడపడుచు కాకముందు స్నేహితురాలు. ఒకే ఏడు హాల్లో చేరాం, ఒకే గిన్నెలో తిన్నాం, వాళ్ళ అన్నయ్యని నాకు చూపించింది కూడా ఆమే. పదహారు నెలల క్రితం మా పాప పుట్టినరోజున, ఇంటినిండా జనం ఉండగా, ఎవరో మా ఆయన్ని అడిగారు, పైకి వెళ్ళాలని అంత పట్టుదలెందుకండీ, భయం లేదా అని. ఆయన నవ్వేలోపే ఈవిడ అందుకుంది: "ఇంట్లో ఉండలేక." అందరూ నవ్వారు. మా ఆయన కూడా నవ్వాడు. నాకు ఒళ్ళు మండిపోయింది. అప్పటికి ఆయన పేరు రిజర్వులోనే ఉంది. మూటలు కట్టిన చాన్నాళ్ళకి ఒకాయనకి చెవిపోటు వచ్చి తప్పుకుంటే ఈయన ఎక్కాడు. లేకపోతే సొంతవాళ్ళు ఎక్కే నౌకకి మా ఇద్దరినీ చెయ్యే వెయ్యనివ్వరు. ఆ రాత్రి నేను ఆమెకి వాకిలి దాకా వెళ్ళి వీడ్కోలు చెప్పలేదు. మర్నాడు హాల్లో ఆమె నన్ను పలకరించలేదు. ఇక అంతే, ఉప్పూ నిప్పూ.

"నలభై ఒకటో మెట్టు వినిపించండి" అంది డైరెక్టర్. "పీలికలు తీసే మెట్టు. మూడు మూటలవీ."

పెద్దాయన టేపు ముందుకి జరిపాడు. "మొదటిది. నలభై ఒకటో మెట్టు. ఎర్ర పీలికలు తీసి లెక్కపెట్టాలి. ఎనిమిది." మూడు సెకన్లు కూడా కాలేదు. టక్ టక్. "నలభై రెండో మెట్టు." ఇంకాస్త జరిపాడు. "రెండోది. నలభై ఒకటో మెట్టు." ఈసారి చాలాసేపు గుడ్డ రాపిడి, పీలికలు లాగుతున్న చప్పుడు. టక్. "మూడోది. నలభై ఒకటో మెట్టు." మళ్ళీ అంతసేపూ రాపిడి. టక్.

ఎనిమిది పీలికలు మూడు సెకన్లలో రావు. ఎంత వాటమైన చెయ్యికైనా అరనిమిషం పడుతుంది. ఆ రోజు ఆ సంగతి నాకెందుకు తట్టలేదు? తట్టకేం, ఆమె ముఖం చూడకూడదని కాగితం మీదనుంచి తలెత్తితేగా.

"మొదటిదానికి రెండుసార్లు కొట్టారు" అంది డైరెక్టర్. "ఎందుకు?"

మా ఆడపడుచు కిటికీలోంచి చూపు తిప్పింది. అప్పుడు చూశాను ఆమెని. కళ్ళు వాచిపోయి ఉన్నాయి. నిన్నటినుంచీ ఏడుస్తూనే ఉందన్నమాట, నేను మాత్రం కళ్ళల్లో నీళ్ళు ఇంకిపోయి తిరుగుతున్నాను.

"కాలేదు అని" అంది ఆమె. "నువ్వు చదవకముందే నేను ఏడు తీసేసి పెట్టుకున్నాను వదినా. ఎనిమిదోది మడతలోకి జారిపోయింది, చేతికి అందట్లేదు. నువ్వు ఎనిమిది అన్నావు. కాలేదు అని రెండుసార్లు కొట్టాను."

పదహారు నెలల తర్వాత నన్ను వదినా అంది. అది కూడా ఈ మాట చెప్పడానికి.

"రెండు కొడితే కాలేదని ఎవరు చెప్పారు?" అన్నాను. నా గొంతు నాకే వికారంగా వినిపించింది.

"ఎవరు చెప్పాలి? చిన్నప్పుడు అన్నయ్య గదికీ నా గదికీ మధ్య గోడ. దీపాలార్పాక కొట్టుకునేవాళ్ళం. నిద్రపోయావా, రేపు సైకిలిస్తావా, అలా. ఒకటి కొడితే అవును. రెండు కొడితే కాదు. నాకు పుట్టి బుద్ధెరిగినప్పటినుంచి రెండంటే కాదనే."

నేను నవ్వానో ఏడ్చానో నాకు తెలియదు. "నాకు రెండంటే అయింది, అయింది అని" అన్నాను. "మీ అన్నయ్య బాత్రూంలో దూరితే గంట. తలుపు కొట్టి 'అయిందా?' అని అరుస్తాను. లోపల్నుంచి రెండు కొడతాడు. అయింది, అయింది, చంపకు అని. పదేళ్ళుగా వింటున్నాను. నువ్వు రెండు కొడితే, అదే విసుగు నామీద చూపిస్తున్నావనుకున్నాను. ఒళ్ళు మండి గబగబా తర్వాతి మెట్టు చదివేశాను."

"నువ్వు ముందుకెళ్ళిపోతే, పెండింగని రాసుకున్నావనుకున్నాను. తర్వాత తిరిగొస్తావు కదా అని. తర్వాత భోజనాల బెల్లు కొట్టారు, తర్వాత..." ఆమె ఆగిపోయింది. "ఒక్క మాట అడిగి ఉండొచ్చుగా వదినా."

"నువ్వు ఒక్క మాట అని ఉండొచ్చుగా."

"నేను ఒక్క మాట అన్నందుకేగా ఇదంతా." ఈసారి ఆమె గొంతు లేచింది. "ఇంట్లో ఉండలేక అన్నాను. అన్నాను. నాకు భయమేసి అన్నాను. నువ్వు వద్దంటావేమో, నువ్వు వద్దంటే ఆగుతాడు కదా అని రెండేళ్ళు చూశాను. గొడుగులు ఎలా చిరుగుతాయో తెలిసినదానివి, తీగలు ఎలా తెగుతాయో తెలిసినదానివి, నువ్వొక్కసారి వద్దనలేదు. అన్నం పెట్టినంత మామూలుగా సంచి సర్దావు. అత్త మీద కోపం దుత్త మీద చూపించాననుకో, ఆ కోపం నీమీదే."

నేను ఎందుకు వద్దనలేదో ఆమెకి చెప్పాలనిపించింది. వద్దంటే ఆగేవాడు, నిజమే. ఆగి, ఇంట్లో కూర్చుని, రోజూ సాయంత్రం మేడ మీదికెళ్ళి పైకి చూసేవాడు. ఆ చూపు నేను భరించలేనని వద్దనలేదు. ధైర్యం కాదు అది, నా స్వార్థం. కానీ చెప్పడానికి టైము లేదు.

"మీ ఇంటి గోడలూ తలుపులూ తర్వాత" అంది డైరెక్టర్. మాట కటువుగానే ఉన్నా మా వంక చూడలేకపోయింది. "పీలిక మొదటిదాంట్లో ఉంది. అంతేగా?"

"అంతే" అన్నాను.

"మొదటిదంటే ఒకటో నంబరు మూటేగా?"

ఇద్దరం ఒకేసారి తలూపాం. పదహారు నెలల్లో మేమిద్దరం ఏకమైన విషయం అదొక్కటే.

పెద్దాయన టేపు తీసి చొక్కా జేబులో పెట్టుకున్నాడు. "తిలా పాపం తలా పిడికెడు" అన్నాడు. "మీకు మాటలు లేవని నాకు తెలుసు. ఒకే బల్ల దగ్గర పడేస్తే మాట కలుస్తుందని నేనే వేశాను మిమ్మల్ని. మూడో సంతకం నాది, చదవకుండా పెట్టాను. అది కూడా రాసుకోండి మేడమ్."

ఆవిడ రాసుకోలేదు. గడియారం చూసింది.

ఆ తర్వాత గంటసేపు కాగితాలు. ఒక మీట లాగమని పైకి చెప్పాలంటే ఏడుగురు సంతకాలు పెట్టాలట. ఏడోవాడు దొరికేసరికి పదకొండూ ఇరవై మూడైంది. అప్పటికే నౌక తల మీదికొచ్చి మూడు నిమిషాలు. కంట్రోలు గదిలో మామూలుగా పైవాళ్ళతో ఒక్కరే మాట్లాడతారు. కానీ గొడుగుల మెట్లు మాత్రం గొడుగుల హాలు మనిషే చదవాలని రూలు. డైరెక్టర్ నన్ను చూసి సందేహించింది.

"భార్యాభర్తల మాటలు వద్దు. కాగితం మీద ఉన్నది చదవండి, అంతే. గొంతు వణికితే మీ చేతిలోంచి మైకు తీసుకుంటాను."

"వణకదు" అన్నాను.

"ఆవిడెందుకు?" అంది నా వెనక నిలబడ్డ ఆడపడుచుని చూసి.

"చేతికి తెలిసింది నోటికి తెలీదమ్మా. ఇద్దరూ ఉండనీ" అన్నాడు పెద్దాయన.

మైకు ముందు కూర్చున్నాను. ఎదురుగా గోడ మీద ఎర్ర అంకెలు దిగుతున్నాయి. ఐదు నిమిషాల పది సెకన్లు. ఆ అంకెలు సున్నాకొస్తే నౌక దిగంతం దాటిపోతుంది. పక్కన కూర్చున్న అబ్బాయి చెప్పాడు, చివరి అరనిమిషం మాట ముక్కలైపోతుంది మేడమ్, అలాంటప్పుడు వాళ్ళు మైకు మీద వేలితో కొడతారు, ఆ చప్పుడు మాత్రం దిగుతుంది అని.

"గొడుగుల హాలు నుంచి" అన్నాను. "వినిపిస్తోందా?"

చెవిలో గరగర. తర్వాత మా ఆయన గొంతు, పక్కగదిలోంచి వచ్చినంత దగ్గరగా. "వినిపిస్తోంది. ఇవాళ చదివేది నువ్వా?" నవ్వు వినబడింది. "ఏం కొంప మునిగింది?"

పీలిక తప్పిపోయిందని వాళ్ళకి నిన్ననే చెప్పారు. అయినా ఆ మనిషి అంతే. ఇల్లు కాలిపోతున్నా వేణ్ణీళ్ళు కాగాయా అని అడిగే రకం.

"నాలుగు మెట్లున్నాయి" అన్నాను. "నేను చదువుతాను. నువ్వు చెయ్యి. అయ్యాక 'అయింది' అను. వేరే మాట వద్దు."

"అయింది."

"ఇంకా చదవలేదు."

వెనక ఎవరో చిన్నగా నవ్వారు. నాకు ఒక్కక్షణం ఊపిరాడింది. కాగితం ముందుకి జరుపుకున్నాను.

"ఒకటో మెట్టు. గొడుగుల పలక మూత తెరవాలి."

లోహపు చప్పుడు. "అయింది."

"రెండో మెట్టు. మూడు మీటలూ కదలకుండా పట్టే కాపు చీలలు తియ్యాలి. కుడిచేత్తో."

ఇది ఆలస్యమైంది. చీల ఒకటి గట్టిగా ఉందన్నాడు. పక్కనున్నవాణ్ణి ఏదో అందుకోమన్నాడు. పైన ఏ చిన్న పనికైనా నాలుగింతల టైము పడుతుంది, చెయ్యి అటు తిప్పితే మనిషి ఇటు తిరుగుతాడు. అంకెలు రెండు నిమిషాల కిందికి దిగాయి. డైరెక్టర్ నా కుర్చీ వీపు పట్టుకుంది. పట్టుకోవడం నాకు తెలుస్తూనే ఉంది.

"అయింది."

"మూడో మెట్టు. ఒకటో నంబరు మీట మీద చెయ్యి వెయ్యాలి. నంబరు పైకి చదవాలి."

"ఒకటి" అన్నాడు. "చెయ్యి వేశాను. అయింది."

నిమిషం ఐదు సెకన్లు. నాలుగో మెట్టు ఒకే వాక్యం. గొంతు వణకలేదు. నేను పదకొండేళ్ళలో చదివిన మెట్లన్నిట్లోకీ దాన్నే శుభ్రంగా చదివాను.

"నాలుగో మెట్టు. ఒకటో నంబరు మీట లాగాలి."

'అయింది' రాలేదు. గరగర మొదలైంది. నలభై ఎనిమిది. నలభై ఏడు.

"ఒక్కమాట" అన్నాడు. గొంతులో నవ్వు లేదు. "ఈ సంచుల మీద నంబర్లు వేసింది మన పుర్రచెయ్యేనా?"

పుర్రచెయ్యి అని చెల్లెల్ని ఆయన ఒక్కడే అంటాడు. ఎడమచేతి వాటం కదా, ఆమె ఏది మొదలుపెట్టినా అందరూ ముగించే వైపు నుంచి మొదలుపెడుతుంది.

"అవును. నా వెనకే ఉంది. ఎందుకు?"

"అది బట్టలు ఆరేసినా అటు చివరనుంచి ఆరేస్తుంది. మెట్లు చదివింది నువ్వు, నంబరు వేసింది అది. మీకిద్దరికీ మాటల్లేవు. ఒకటి అంటే నీ ఒకటా, దాని ఒకటా?"

మా హాల్లో మూడు బల్లలు వరసగా ఉంటాయి, ఇటు చివర తలుపు, అటు చివర కిటికీ. నేను ఎప్పుడూ తలుపు వైపు నిలబడతాను. నాకు మొదటిదంటే తలుపు పక్క బల్ల మీదిది. ఆ రోజంతా అలాగే పిలిచాను. సాయంత్రం సంచుల మీద నంబర్లు సిరాతో వేసింది ఆమె. మామూలుగా అయితే వేస్తూ పైకి చదువుతుంది, ఇది ఒకటి, ఇది రెండు అని. నేను చూసి టిక్కు పెడతాను. ఆ రోజు ఆమె చదవలేదు. మూడుసార్లు బల్ల కొట్టింది. నేను మూడు టిక్కులు పెట్టి చెప్పులేసుకున్నాను.

వెనక్కి తిరిగాను. ఆమె ఎడమచెయ్యి తనంతట తనే గాలిలో కదులుతోంది, సంచి మీద అంకె వేస్తున్నట్టు.

"సిరాబుడ్డి కిటికీ మీద ఉంది వదినా" అంది. "కిటికీ వైపు నుంచి వేశాను."

నా ఒకటి ఆమె మూడు.

"ఆగు" అన్నాను మైకులోకి. కాగితం ఎటు పోయిందో తెలియదు. "ఒకటి కాదు, మూడు. మూడో మీట. ఒకటి లాగకు. వినిపిస్తోందా? ఒకటి లాగకు."

గరగర. అందులో ఆయన గొంతు ముక్కలుగా, ఏ ముక్కకీ అర్థం లేకుండా. పదకొండు సెకన్లు.

"లాగేశావా?" అన్నాను. "ఒకటి లాగేశావా? అయిందా?"

పదేళ్ళుగా బాత్రూం తలుపు దగ్గర అడిగే ప్రశ్నే. నోటికి అలవాటైన మాట, అలాగే వచ్చేసింది.

గరగర ఒక్కక్షణం పల్చబడింది. అవతలినుంచి, స్పష్టంగా, తొందరేమీ లేకుండా వచ్చింది.

టక్ టక్.

అంకెలు సున్నా అయ్యాయి. స్పీకరు మూగబోయింది. పన్నెండూ యాభైకి ఇంకా ఎనభై ఒక్క నిమిషాలున్నాయి. డైరెక్టర్ కుర్చీ వీపు వదిలి, ఎన్నడూ లేనిది, నా పక్కనున్న కుర్చీలో కూర్చుంది. "అంటే ఏంటి?" అంది. "లాగాడా, లేదా?"

నేను మా ఆడపడుచు వంక చూశాను. ఆమె నా వంక చూసింది. నా భుజం మీద చెయ్యి వేసింది. ఉంగరం ఉన్న చెయ్యి, చల్లగా ఉంది.

"వదినా" అంది, నాకొక్కదానికే వినబడేలా. "ఆ రెండూ నాకు కొట్టాడా, నీకు కొట్టాడా?"